పోలీసుల మీద, ప్రభుత్వ ఆఫీసుల మీద వినియోగదారుల కేసు వేయవచ్చా? ఎవరి మీద ఎక్కడ, ఎలా వేయాలి

"స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోలేదండీ, కన్స్యూమర్ కోర్టులో వేయొచ్చా?" నెలలో కనీసం నాలుగైదుసార్లు నాకు ఎదురయ్యే ప్రశ్న ఇది. వెనకే ఇంకో మాట కూడా వస్తుంది: "మనం పన్నులు కడుతున్నాం కదా, వాళ్ల జీతాలు మన డబ్బే కదా!" కోపం న్యాయమైనదే. కానీ ఆ వాదనతో వెళితే కేసు తలుపు దగ్గరే ఆగిపోతుంది.

చిన్న జవాబు కావాలంటే ఇదీ: పోలీసుల మీద కుదరదు. కరెంటు, బస్సు, రైలు, హౌసింగ్ బోర్డు, పీఎఫ్ లాంటి వాటి మీద చాలావరకు కుదురుతుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసు, పరీక్షల బోర్డుల మీద కుదరదు. మునిసిపాలిటీ విషయంలో మీరు దేనికి డబ్బు కట్టారన్న దాన్ని బట్టి ఉంటుంది. కుదరని చోట కూడా వేరే దారులు ఉన్నాయి. వాటిలో ఒకటి చాలామందికి తెలియనే తెలియదు, కింద చెబుతాను.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

డబ్బు కట్టిన రసీదు, బిల్లు, టికెట్ లేదా ఆన్‌లైన్ చెల్లింపు వివరం. ఆఫీసుకు మీరు ఇచ్చిన ప్రతి అర్జీ కాపీ, దాని మీద తేదీతో స్టాంపు. వాళ్లు పంపిన ఉత్తరాలు, మెసేజ్‌ల ప్రింట్లు. నష్టం చూపించే కాగితాలు, అంటే పాడైన సామాను రిపేరు బిల్లు, మందుల చీటీలు, టాక్సీ బిల్లు. మీ గుర్తింపు, చిరునామా రుజువు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఒక తెల్ల కాగితం మీద తేదీలవారీగా రాసుకున్న చిట్టా. ఏ రోజు ఏం జరిగింది, ఎవరిని కలిశారు, ఏమన్నారు అన్నది అందులో ఉండాలి. ఈ చిట్టా లేకుండా మొదలుపెట్టిన వాళ్లు రెండో వాయిదాకే తడబడటం చూశాను.

1. డబ్బు ఎందుకు కట్టారో తేల్చుకోండి

మొత్తం వ్యవహారం ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడి ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ప్రతిఫలం ఇచ్చి, లేదా ఇస్తామని ఒప్పుకుని, సేవ పొందిన వాళ్లే వినియోగదారులు. పూర్తిగా ఉచితంగా ఇచ్చే సేవ ఈ చట్టంలోకి రాదు. ఎదుటివాళ్లు ప్రభుత్వమా ప్రైవేటా అన్నదానికి పెద్ద పట్టింపు లేదు. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు ఇది స్పష్టం చేసింది. ఇళ్లు కట్టి ఇచ్చే ప్రభుత్వ సంస్థ కూడా సేవ అందించేదే, ఆలస్యం చేసి వేధిస్తే పరిహారం ఇవ్వాల్సిందే అంది. ఆ డబ్బును బాధ్యులైన ఉద్యోగుల నుంచి రాబట్టమని కూడా చెప్పింది.

మరి పన్ను ప్రతిఫలం కాదా? కాదు. 1995లో డాక్టర్ల సేవల మీద వచ్చిన శాంత కేసు తీర్పులో ఈ వాదన కూడా వచ్చింది, కోర్టు ఒప్పుకోలేదు. ఫలానా సేవకు ఫలానా మొత్తం అని కట్టినదే ప్రతిఫలం. ఆసుపత్రిలో ఓపీ చీటీకి కట్టే నామమాత్రపు రిజిస్ట్రేషన్ రుసుము కూడా లెక్కలోకి రాదని అదే తీర్పు. అయితే అందులోనే ఒక వెసులుబాటు ఉంది. కొందరి దగ్గర ఫీజు తీసుకుని, పేదలకు ఉచితంగా చూసే ఆసుపత్రి అయితే ఉచితంగా చూపించుకున్న వాళ్లూ కేసు వేయవచ్చు. అందరికీ అన్నీ ఉచితంగా చేసే ఆసుపత్రి అయితేనే కుదరదు.

ఇప్పుడు మీ వ్యవహారాన్ని కింది వాటితో పోల్చి చూసుకోండి.

కరెంటు: నిలబడుతుంది. తప్పుడు బిల్లు, కనెక్షన్ ఇవ్వడంలో ఆలస్యం, నోటీసు లేకుండా కోత వంటివి తీసుకెళ్లవచ్చు. కానీ కరెంటు దొంగతనం కేసు పెట్టినా, అనధికార వాడకం అంటూ విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అసెస్‌మెంట్ (అంచనా బిల్లు) వేసినా వినియోగదారుల కమిషన్, అంటే మనం కన్స్యూమర్ కోర్టు అనేది, వాటిని ముట్టుకోదు. 2013లో అనీస్ అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీసింది. మీ నోటీసు మీద ఏ సెక్షన్ ఉందో చూడకుండా పరుగెత్తకండి. షాపు, ఫ్యాక్టరీ కనెక్షన్ అయితే వాణిజ్య అవసరం అన్న అభ్యంతరం తప్పకుండా వస్తుంది.

రైలు: బండి ఆలస్యమై నష్టపోతే నిలబడుతుంది. జమ్మూకు నాలుగు గంటలు ఆలస్యంగా చేరి శ్రీనగర్ విమానం తప్పిపోయిన ప్రయాణికుడికి 30,000 రూపాయలు ఇవ్వాల్సిందేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆలస్యానికి తగిన కారణం రైల్వే చూపించలేకపోయింది. అదే రైల్లో నడుముకు కట్టుకున్న డబ్బు పోయిందని వేసిన కేసులో మాత్రం 2023లో రైల్వేకు బాధ్యత లేదంది, సొంత వస్తువులు సొంతదారే చూసుకోవాలంది. టికెట్ డబ్బు వాపసు, ప్రమాద పరిహారం కోసమైతే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లాలి.

పీఎఫ్: నిలబడుతుంది. పీఎఫ్ సభ్యుడు వినియోగదారుడేనని సుప్రీంకోర్టు చెప్పి రెండు దశాబ్దాలు దాటింది. క్లెయిమ్ నెలల తరబడి తొక్కిపెడితే ఇది పనికొస్తుంది.

ఆర్టీసీ, టెలిఫోన్: నిలబడతాయి. టెలికాం మీద కొన్నేళ్లు గందరగోళం నడిచింది, 2022 తీర్పుతో తేలిపోయింది.

పరీక్షల బోర్డు: నిలబడదు. ఇద్దరు విద్యార్థులకు ఒకే రోల్ నంబరు ఇచ్చి ఫలితం ఆపేసిన కేసులో కూడా, పరీక్ష పెట్టడం చట్టం అప్పగించిన విధి, సేవ అమ్మడం కాదు అని 2009లో తేల్చారు. అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. అయినా తీర్పు అదే.

రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ: నిలబడదు. ఫీజు కట్టినా సరే. సబ్ రిజిస్ట్రార్ చేసేది చట్టబద్ధ విధి అని 1995 నుంచి తీర్పు ఉంది.

మునిసిపాలిటీ: ఇంటి పన్ను గొడవకు నిలబడదు. నెలనెలా చార్జీ కట్టే నీళ్ల కనెక్షన్ సంగతి వేరు, అక్కడ వాదించుకోవడానికి జాగా ఉంది. 2019లో విద్యా చేతల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇక్కడ పనికొస్తుంది. కట్టింది పన్నా, లేక సేవకు బదులుగా ఇచ్చిన మొత్తమా అని చూడాలి. చట్టం ప్రకారం నడిచే సంస్థ అన్న ఒక్క కారణంతో తోసిపుచ్చకూడదు.

పోలీసులు: నిలబడదు. ఫిర్యాదు తీసుకోవడానికి వాళ్లు ఫీజు తీసుకోరు, తీసుకోకూడదు కూడా. ఎవరైనా చేతిలో "ఏదో ఒకటి" పెట్టించుకుంటే అది ప్రతిఫలం కాదు, లంచం. దానికి వెళ్లాల్సింది ఏసీబీకి.

2. కమిషన్ ఒక్కటే దారి అనుకోకండి

ఇందాక చెబుతానన్నది ఇదే: శాశ్వత లోక్ అదాలత్. మామూలుగా అప్పుడప్పుడు పెట్టే లోక్ అదాలత్ వేరు, ఇది వేరు. న్యాయ సేవాధికార సంస్థల చట్టం 22బి సెక్షన్ కింద ప్రజోపయోగ సేవల కోసం పెట్టినది. రోడ్డు రవాణా, తపాలా, టెలిఫోన్, కరెంటు, నీళ్లు, పారిశుధ్యం, ఆసుపత్రి, బీమా దీని పరిధిలో ఉన్నాయి. పారిశుధ్యం, ఆసుపత్రి అన్న మాటలు మళ్లీ చదవండి. చెత్త ఎత్తడం లేదు, మురుగు ఇంట్లోకి వస్తోంది అనే గొడవకు వినియోగదారుల కమిషన్‌లో "ప్రతిఫలం ఏది?" అని అడుగుతారు. ఇక్కడ ఆ అడ్డు లేదు.

కోర్టు ఫీజు లేదు. కోటి రూపాయల విలువ వరకు వింటుంది. ముందు రాజీ కుదర్చడానికి చూస్తుంది, కుదరకపోతే తనే తీర్పు చెబుతుంది. రెండు జాగ్రత్తలు తీసుకోండి. మొదటిది, వేరే కోర్టులో కేసు వేశాక ఇక్కడికి రాలేరు, కాబట్టి ఇదే మొదటి అడుగు కావాలి. రెండోది, ఈ తీర్పు మీద అప్పీలు లేదు, హైకోర్టులో రిట్ ఒక్కటే మిగులుతుంది. పరిహారం పెద్ద మొత్తంలో అడిగే వ్యవహారమైతే రెండుసార్లు ఆలోచించుకోండి. మీ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అడిగితే మీ జిల్లాను చూసే శాశ్వత లోక్ అదాలత్ ఎక్కడ కూర్చుంటుందో చెబుతారు.

కరెంటు సమస్యకు ఇంకో దారి డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, లోపలే ఉంటుంది, దాన్ని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక అంటారు. దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉంటారు. బిల్లు సరిచేయించుకోవడం వరకే కావాలంటే ఇక్కడే త్వరగా తేలుతుందని నా అనుభవం. నష్టపరిహారం కూడా కావాలంటే కమిషన్ మేలు. ఒకే విషయం మీద రెండు చోట్లా వేస్తే మాత్రం, బయటపడగానే రెండోదాన్ని కొట్టేస్తారు.

3. కాగితం మీద అడగండి

ఫోన్లో పదిసార్లు చెప్పాం అంటే కమిషన్‌కు చెవికెక్కదు. ఒక పేజీ ఉత్తరం రాయండి. నేను ఫలానా కనెక్షన్‌దారుణ్ణి, ఫలానా తేదీన ఇంత కట్టాను, ఇది జరగలేదు, 15 రోజుల్లో ఇది చేయండి, లేదంటే కమిషన్‌కు వెళతాను. అంతే. తిట్లు వద్దు, పత్రికలకెక్కిస్తామని బెదిరింపులు వద్దు. స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు ఆన్‌లైన్‌లో కనిపించే పేజీని ప్రింట్ తీసి పెట్టుకోండి. కొన్నాళ్లకు ఆ పేజీ తెరుచుకోదు, అందుకే ఆ వారంలోనే తీయాలి.

దీంతోపాటు 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవచ్చు. కొన్ని ఇక్కడే పరిష్కారమవుతాయి. కాకపోయినా, మీరు ప్రయత్నించారనడానికి రుజువు మిగులుతుంది.

మామూలు సివిల్ కోర్టులో ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. వినియోగదారుల కమిషన్‌కు ఆ నిబంధన లేదు. "నోటీసు ఇవ్వలేదు కాబట్టి కేసు చెల్లదు" అని ఎదుటి లాయరు గట్టిగా అంటే కంగారుపడకండి.

హెచ్చరిక: గడువు రెండేళ్లు. సమస్య మొదలైన రోజు నుంచి లెక్క. మధ్యలో మీరు ఎన్ని రిమైండర్లు రాసినా ఆ గడువు పొడిగినట్టు కాదు. "చూస్తాం, చేస్తాం" అన్న ఉత్తరాలు నమ్ముకుని రెండేళ్లు దాటించుకున్న వాళ్లే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఆలస్యానికి బలమైన కారణం చూపితే క్షమించే అధికారం కమిషన్‌కు ఉంది, కానీ దాన్ని నమ్ముకుని ఆగవద్దు.

4. ఫిర్యాదు రాయడం

తెల్లకాగితం చాలు. తెలుగులో రాస్తే తీసుకుంటారా అన్న టెన్షన్ ఉంటే, దాఖలు చేసే ముందు కమిషన్ ఆఫీసులో ఒకమాట అడగండి. ఇంగ్లీషు కాపీ అడిగితే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లను సాయం కోరవచ్చు.

వరుస ఇలా ఉండాలి. మీ పేరు, చిరునామా. ప్రతివాదులు. నెంబర్లు వేసిన చిన్న చిన్న పేరాల్లో జరిగిన సంగతి. ఎందులో లోపం ఉందో ఒక పేరా. గడువులోనే వేస్తున్నానని, ఈ కమిషన్‌కే పరిధి ఉందని చెప్పే రెండు వాక్యాలు. ఏం కోరుతున్నారో విడివిడిగా: కట్టిన డబ్బు వాపసు ఇంత, నష్టం ఇంత, మానసిక వేదనకు ఇంత, ఖర్చులు ఇంత. చివర సంతకం, దానితో అఫిడవిట్.

ప్రతివాదుల దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. నేనూ వేశాను. మొదటిసారి కరెంటు బిల్లు మీద ఫిర్యాదు రాసినప్పుడు నాతో గొడవపడిన మనిషి పేరు పెట్టాను. ఈలోగా ఆయనకు బదిలీ అయింది, నోటీసు తిరిగొచ్చింది, మూడు వాయిదాలు దానికే పోయాయి. మనిషి పేరు వద్దు, హోదా రాయండి. స్థానిక ఆఫీసు అధికారి ఒకరు, సంస్థ పైఅధికారి ఒకరు ఉంటే సరిపోతుంది. బస్సు అయితే డిపో మేనేజరు, సంస్థ మేనేజింగ్ డైరెక్టరు. రైలు అయితే ఆ జోన్ జనరల్ మేనేజరు. కలెక్టరు నుంచి మంత్రి దాకా అందర్నీ చేర్చితే కేసు బలపడదు, నోటీసులు అందేసరికే ఏడాది గడుస్తుంది.

ఇంకో పొరపాటు, అడిగే మొత్తం. 800 రూపాయల టికెట్‌కు 20 లక్షలు అడిగిన ఫిర్యాదు చూశాను. ప్రతి రూపాయికీ కాగితం ఉండాలి, లేదా కనీసం చెప్పుకోదగ్గ కారణం ఉండాలి. పైన చెప్పిన రైలు కేసులో వచ్చిన 30,000 ఎలా వచ్చిందో చూడండి: టాక్సీకి 15,000, అప్పటికే బుక్ చేసుకున్న ఏర్పాట్లు పోయినందుకు 10,000, వేదనకు, కోర్టు ఖర్చులకు కలిపి 5,000. విమానం తప్పిపోయినా, మానసిక వేదనకు లక్షలేమీ ఇవ్వలేదు.

5. దాఖలు చేయడం

మీరు ఉంటున్న చోట, లేదా పనిచేస్తున్న చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఇది. సంస్థ హెడ్డాఫీసు ఉన్న ఊరికి తిరగాల్సిన పనిలేదు.

ఏ స్థాయి అన్నది మీరు కట్టిన మొత్తాన్ని బట్టి, అడిగే పరిహారాన్ని బట్టి కాదు. 50 లక్షల వరకు జిల్లా, ఆపైన 2 కోట్ల వరకు రాష్ట్రం, ఆ పైన జాతీయ కమిషన్. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు అసలే లేదు. 5 నుంచి 10 లక్షలకు 200, 10 నుంచి 20 లక్షలకు 400, 20 నుంచి 50 లక్షలకు 1,000 రూపాయలు. కరెంటు, బస్సు, రైలు కేసులన్నీ దాదాపు సున్నా ఫీజులోకే వస్తాయి. ఎవరైనా "కోర్టు ఫీజు అయిదు వేలు" అంటే ఆ డబ్బు ఎటు పోతుందో మీరే అర్థం చేసుకోండి.

ఆన్‌లైన్‌లో వేయాలంటే ఈ-జాగృతి పోర్టల్ ఉంది. ఫైళ్లు స్కాన్ చేసేటప్పుడు అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయో లేదో ఫోన్లో కాకుండా కంప్యూటర్లో తెరిచి చూడండి. పేజీలకు వరుస నంబర్లు వేసి, ముందు ఒక ఇండెక్స్ పెట్టండి. చేతికిస్తే ప్రతి ప్రతివాదికీ ఒక సెట్టు, కమిషన్‌కు సెట్లు, మీకొకటి. ఎన్ని సెట్లో ఆఫీసులో అడిగి తీసుకెళితే జిరాక్స్ షాపు చుట్టూ తిరగక్కర్లేదు.

సరిగా చేరిందా లేదా చూసుకోవడం ఇలా: కేసు నంబరు వచ్చిందా? మామూలుగా 21 రోజుల్లో స్వీకరించేదీ లేనిదీ తేల్చాలి. మీ మాట వినకుండా తిరస్కరించకూడదు. లోపాలున్నాయని తిరిగి పంపితే అది తిరస్కరణ కాదు, సరిచేసి మళ్లీ ఇవ్వండి.

6. వాయిదాలు

ప్రతివాదికి నోటీసు అందాక 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు, అంతకుమించి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కాబట్టి 45 రోజులు దాటాక జవాబు తెస్తే మీరు లేచి అభ్యంతరం చెప్పండి. లాయరు తప్పనిసరి కాదు. వీడియో ద్వారా హాజరవుతానని దరఖాస్తు కూడా పెట్టుకోవచ్చు.

ప్రభుత్వ సంస్థల జవాబుల్లో రెండు మాటలు ఖాయంగా ఉంటాయి: "ఫిర్యాది వినియోగదారుడు కాదు", "ఇది చట్టబద్ధ విధి". మొదటి దశలో మీరు చేసిన పని ఇక్కడే అక్కరకొస్తుంది. రసీదు చూపించి, అది దేనికి కట్టిందో రెండు ముక్కల్లో చెప్పండి.

మొదటి వాయిదాకే వెళ్లకపోవడం చాలామంది చేసే తప్పు. మీరు రాకపోతే కేసు కొట్టేయవచ్చు.

పోలీసుల సంగతి

ఈ చట్టాన్ని పోలీసులకూ వర్తింపజేయాలనే వాళ్లు ఉన్నారు. నాకు సగమే నచ్చుతుంది. ఫిర్యాదుదారుడు కస్టమర్ అయితే, డబ్బు కట్టేవాడికి మర్యాద, కట్టలేనివాడికి వరుస అన్న పద్ధతి స్టేషన్‌కు కూడా వస్తుంది. ఇప్పటికే కొంత ఉంది, దానికి చట్టం ముద్ర కూడా ఎందుకు? పైగా పోలీసు చేసే పనిలో ఒకరికి సేవ అయినది ఇంకొకరికి అరెస్టు. నాకు నచ్చే సగం వేరు. ఫీజు లేకుండా, లాయరు లేకుండా, మన ఊళ్లోనే అడగగలిగే చోటు పోలీసు బాధితులకు కూడా ఉండాలి. ఆఫీసు సేవలకు కొన్ని రాష్ట్రాలు ఇలాంటిదే తెచ్చాయి. 2010లో మధ్యప్రదేశ్ సేవా హామీ చట్టం చేసింది, గడువు దాటితే అధికారికి జరిమానా. కర్ణాటకలో సకాల అనే ఇలాంటి పథకం కింద ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు, గరిష్ఠంగా 500. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2017లో సేవల హామీ చట్టం వచ్చింది. మొత్తాలు చిన్నవే, కానీ జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరో కాగితం మీద ఉంటాడు.

పోలీసు బాధితులకు అలాంటి చోటు వచ్చేదాకా ఉన్న దారి ఇది.

1. ఫిర్యాదు రాసి రెండు కాపీలు తీసుకెళ్లండి. తేదీ, సమయం, చోటు, జరిగిన పని, సాక్షులు రాయండి. సెక్షన్లు రాయకండి, అది వాళ్ల పని. ఒక కాపీ మీద స్టాంపు, సంతకం అడగండి. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్‌గా తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి.

2. కేసు కడితే ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. కాపీ చేతిలో లేకుండా "కట్టేశాం లెండి" అన్న మాటతో ఇంటికి రాకండి. నంబరు, తేదీ, మీరు చెప్పిన ముఖ్య విషయాలు అందులో ఉన్నాయో లేదో అక్కడే చదవండి.

3. తీసుకోకపోతే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) 173(4) కింద ఎస్పీకి రాతపూర్వకంగా పంపండి. కమిషనరేట్ అయితే డీసీపీకి. స్పీడ్ పోస్టు రసీదు దాచండి. ఈ మెట్టు దాటకుండా మేజిస్ట్రేట్ దగ్గరికి వెళితే వెనక్కి పంపుతారు.

4. రెండు వారాలు చూసి కదలిక లేకపోతే అదే చట్టం 175(3) కింద మేజిస్ట్రేట్‌కు దరఖాస్తు. అఫిడవిట్ తప్పనిసరి. స్టేషన్‌కు ఇచ్చిన కాపీ, ఎస్పీకి పంపిన రసీదు జతచేయండి. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగల నేరం, కనిపిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దాన్ని ఒక వాక్యంలో పెట్టండి, పేజీలకు పేజీలు వద్దు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. "పోలీసులు పట్టించుకోలేదు" అంటూ వచ్చే వాటిలో కొన్ని అప్పు వసూలు, గట్టు తగాదా లాంటి సివిల్ గొడవలు. వాటిని తీసుకోకపోవడం తప్పు కాదు. మీది ఏ కోవలోదో న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా అడిగి తెలుసుకోండి.

5. కేసు కట్టాక 90 రోజుల్లో దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో ఫిర్యాదుదారుడికి చెప్పాలని కొత్త చట్టం అంటోంది. చెప్పకపోతే సమాచార హక్కు కింద అడగండి, ఫీజు 10 రూపాయలు, గడువు 30 రోజులు. "ఫలానా తేదీన నేనిచ్చిన ఫిర్యాదుపై ఏ రోజు ఏ చర్య తీసుకున్నారు" అని అడగండి. "ఎందుకు తీసుకోలేదు" అని అడిగితే అది సమాచారం కాదంటూ తిప్పికొడతారు. దర్యాప్తుకు అడ్డొస్తుందని కొన్ని వివరాలు ఆపవచ్చు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు, అంతేగానీ దానికోసం వినియోగదారుల కమిషన్‌కు వెళ్లకండి.

6. కొట్టారు, అక్రమంగా నిర్బంధించారు అంటే పోలీస్ కంప్లైంట్స్ అథారిటీ, మానవ హక్కుల కమిషన్ ఉన్నాయి. మానవ హక్కుల కమిషన్‌కు సంఘటన జరిగిన ఏడాదిలోపే వెళ్లాలి. దెబ్బలుంటే అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి మెడికల్ రికార్డు తీసుకోవాలి. ఆ కాగితం లేకపోతే మిగతావన్నీ మాటలే.

7. పరిహారం కావాలంటే హైకోర్టులో రిట్, లేదా సివిల్ దావా. ప్రభుత్వం మీద గెలవలేం అనుకోకండి. 1947లో మీరట్ పోలీసులు ఒక వ్యాపారిని పట్టుకుని తీసుకున్న బంగారం స్టేషన్‌లోంచే మాయమైతే, అది సార్వభౌమ అధికారం, ప్రభుత్వానికి బాధ్యత లేదని అప్పట్లో సుప్రీంకోర్టు అంది. కస్తూరి లాల్ కేసు అది. తర్వాత కాలం మారింది. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలు మీద బాంబులు పడి ఖైదీ చనిపోయిన కేసులో, కాపాడాల్సిన వాళ్లు కాపాడలేదంటూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే పరిహారం కట్టాలని 2000లో తేల్చింది. మన దగ్గరి ఎరువుల వ్యాపారి నాగేంద్రరావు సరుకు జప్తులో పాడైపోయిన కేసులో కూడా 1994లో అదే జరిగింది. అధికారులు మీ వాహనాన్నో సరుకునో పట్టుకుని పాడుచేస్తే మీ లాయరుకు కోయిలకుంట్ల, నాగేంద్రరావు కేసుల సంగతి చెప్పండి.

తీర్పు వచ్చాక చూసుకోవాల్సినవి

మళ్లీ కమిషన్ కేసుకు వద్దాం. ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. అందులో మూడు చూడండి: ఎంత మొత్తం, ఏ తేదీ నుంచి వడ్డీ, ఎన్ని రోజుల్లో కట్టాలి. మూడింట్లో ఏది తప్పున్నా వెంటనే సరిచేయమని దరఖాస్తు పెట్టాలి. ఓడిపోతే రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు గడువు 45 రోజులు.

గెలిచిన వాళ్లలో కొందరు ఇక్కడ ఆగిపోతారు, చెక్కు ఇంటికొస్తుందని ఎదురుచూస్తారు. రాదు. గడువు దాటిన మర్నాడే అమలు దరఖాస్తు వేయండి. వినియోగదారుల చట్టం 71వ సెక్షన్ కింద సివిల్ కోర్టు డిక్రీలా వసూలు చేయించవచ్చు. 72 కింద అయితే ఉత్తర్వు పాటించనందుకు నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ రెండో దరఖాస్తు నోటీసు అందిన ఆఫీసు నుంచి "ఏ ఖాతాలో వేయమంటారు?" అని ఫోన్ రావడం నేను చూశాను. ఖాతా నంబరు ఫోన్లో చెప్పకుండా, కాన్సిల్ చేసిన చెక్కు జతచేసి ఉత్తరం ద్వారానే పంపండి, దాని కాపీ మీద కూడా స్టాంపు వేయించుకోండి.